ముందు ఆయనను అడుగుదాము, తరువాతే మన ప్రణాళిక

ధ్యాన భాగములు: మత్తయి 6:25–34, నెహెమ్యా 1, 2 అధ్యాయములు
కంఠత వాక్యము: సామెతలు 3:5, 6



ఆసుపత్రిలో పనిచేసే మాకు రెండు రకాల విశ్వాసులు తరచుగా కనబడుతుంటారు. మొదటి రకం వారు అన్నీ తామే నిర్ణయించుకొని వస్తారు. ఏ డాక్టరుగారికి చూపించాలి, ఏ రూము తీసుకోవాలి, ఎన్ని రోజులు సెలవు పెట్టాలి, డబ్బు ఎక్కడ సర్దాలి, అంతా సిద్ధంగా ఉంటుంది. పాస్టరుగారికి మాత్రం ఎప్పుడు ఫోన్ చేస్తారంటే, "మేము చేయగలిగింది చేశాము, ఇక దేవుడే దిక్కు" అని డాక్టరుగారు చెప్పిన తరువాత. అప్పటిదాకా దేవుడు గుర్తుకు రాడు.

రెండవ రకం వారు ప్రార్థన చేయించుకున్నాము గదా అని మాత్రలు డబ్బాలోనే ఉంచేస్తారు. షుగరు చూపించుకోరు, బీపీ చూపించుకోరు. కొన్ని నెలల తరువాత వారిని స్ట్రెచర్ మీద తీసుకొస్తారు.

మొదటివారు దేవుణ్ణి చివర పెట్టారు. రెండవవారు దేవుని పేరు చెప్పి, ఆయన ఇచ్చిన సహాయాన్ని పక్కన పెట్టారు. చూడడానికి వేరువేరుగా ఉన్నా, ఇద్దరూ చేసినది ఒకటే. "ప్రభువా, నేనేమి చేయాలి?" అని ఇద్దరూ అడగలేదు. తాము ముందే అనుకున్నది చేశారు. మందులు మానేయడం కూడా మనిషి వేసుకున్న ప్రణాళికే. దానికి దేవుని పేరు పెట్టినంత మాత్రాన అది దేవుని ప్రణాళిక కాదు. ఈ నెల పాఠములో మనం నేర్చుకోవలసిన సంగతి ఇదే.

1. "మొదట" అనే మాట

మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు తిండి గురించి, బట్ట గురించి చింతపడుతున్న సామాన్య ప్రజలతో మాట్లాడుతున్నాడు. దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ ముందుగా వెదకండి, మీకు కావలసిన మిగతావి ఆయనే సమకూరుస్తాడు అని 33వ వచనము భావము. ఇక్కడ "మొదట" అనే మాట మీద వేలు పెట్టి చూడండి. మొదట అన్నాడంటే, తరువాత చేయవలసినవి కూడా ఉన్నాయన్నమాట. ఇదొక్కటే చేసి ఊరుకోండి అని ప్రభువు చెప్పలేదు. వరుస మార్చమన్నాడు.

అదే ప్రభువు లూకా 14:28లో గోపురము కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు. కాబట్టి లెక్క వేసుకోవడం అవిశ్వాసము కాదు. యాకోబు 4:13–15లో ఒక ఏడాది వ్యాపారానికి పథకం వేసుకున్నవారిని అపొస్తలుడు గద్దించాడు. పథకం వేసినందుకు కాదు, రేపటి రోజు తమ చేతిలోనే ఉన్నట్టు మాట్లాడినందుకు. ప్రభువు చిత్తమైతే బ్రతికి ఇది చేస్తాము, అది చేస్తాము అనమని నేర్పించాడు. అంటే పని ఉండాలి, పథకం ఉండాలి, వాటికి ముందు ఆయన చిత్తము ఉండాలి.

చింతకు, శ్రద్ధకు తేడా కూడా గమనించాలి. రోజుకు పదిసార్లు బీపీ చూసుకొని ప్రతిసారీ కంగారుపడడం చింత. చెప్పిన వేళకు మాత్ర వేసుకొని, ఉప్పు తగ్గించి, చెప్పిన తేదీకి ఓపీకి రావడం శ్రద్ధ. ప్రభువు చింతను మానమన్నాడు గాని శ్రద్ధను మానమనలేదు.

2. ఇద్దరు రాజుల జబ్బు

యూదా దేశపు రాజులలో ఇద్దరి జబ్బు సంగతి బైబిలులో పక్కపక్కన పెట్టి చదవతగినది.

మొదటివాడు ఆసా. తన ఏలుబడిలో 39వ సంవత్సరములో అతనికి పాదాలలో పెద్ద జబ్బు చేసింది. ఏ జబ్బో బైబిలు చెప్పలేదు. అతడు యెహోవాను అడగకుండా వైద్యులనే నమ్ముకున్నాడని 2 దినవృత్తాంతములు 16:12 చెబుతున్నది. "చూశారా, డాక్టరు దగ్గరకు వెళ్ళినందుకే చచ్చిపోయాడు" అని ఈ వచనమును చూపించి మందులు మాన్పించే బోధకులు ఉన్నారు. ఆ అధ్యాయమును మొదటి నుంచి చదవాలి. అంతకు మూడేళ్ళ ముందు శత్రువు వచ్చినప్పుడు ఆసా దేవుణ్ణి అడగలేదు. మందిరములోని వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపి సాయం కొనుక్కున్నాడు. ప్రవక్త వచ్చి హెచ్చరిస్తే కోపపడి అతణ్ణి చెరసాలలో వేయించాడు. జబ్బు వచ్చినప్పుడు కూడా అదే అలవాటు సాగింది. అతని తప్పు వైద్యుణ్ణి పిలవడం కాదు, దేవుణ్ణి విడిచిపెట్టడం.

రెండవవాడు హిజ్కియా. చావు దగ్గరపడిందని యెషయా వచ్చి చెప్పినప్పుడు అతడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఇంకో 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ తరువాత ఏమి జరిగిందో చూడండి. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయమని ఆ ప్రవక్తే చెప్పాడు (2 రాజులు 20:7). మాట ఇచ్చిన దేవుడే కట్టు కట్టించాడు. హిజ్కియా "దేవుడు మాట ఇచ్చాడు గదా, ఈ ముద్ద ఎందుకు?" అనలేదు.

ఆనాటి అంజూరపు ముద్ద స్థానములో ఈనాడు మనకు ఎన్నో మందులు ఉన్నాయి. వాటి వెనుక ఎందరిదో కష్టం ఉంది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదు దగ్గర బేగంపేటలో డాక్టర్ రోనాల్డ్ రాస్ మైక్రోస్కోపులో దోమ కడుపును పరీక్షించి మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ రోజులలో రాసుకున్న పద్యములో ఆయన ఆ ఘనతను దేవునికే ఇచ్చాడు. అంతకు ముందు ఎన్ని దోమలను కోసి చూశాడో, ఎంతకాలం కళ్ళు కాయలు కాచేలా వెదికాడో తెలిస్తే, దేవుని సహాయము, మనిషి శ్రమ రెండూ ఒకదానికొకటి అడ్డం కావని అర్థమవుతుంది.

3. నెహెమ్యా చేతిలోని లిస్టు

యెరూషలేము గోడలు పడిపోయాయని విన్న నెహెమ్యా కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. కిస్లేవు నెలలో మొదలుపెట్టి నీసాను నెల వచ్చేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు అదే పని. ఆ నాలుగు నెలలలో ఒక్క రాయి కూడా లేవలేదు. బయటివారికి అది కాలం వృథా చేసినట్టే కనిపించి ఉంటుంది.

తరువాత రాజు "నీకేమి కావాలి?" అని అడిగాడు. నెహెమ్యా మనసులో ఒక చిన్న ప్రార్థన చేసి, వెంటనే చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళు సెలవు కావాలో చెప్పాడు. దారిలో అధికారులకు ఉత్తరాలు అడిగాడు. అడవి కాపరికి ఉత్తరం అడిగాడు, గుమ్మాలకు, గోడకు, తానుండే ఇంటికి మ్రాను కావాలని. నాలుగు నెలలు మోకాళ్ళ మీద ఉన్నవాడి చేతిలో లిస్టు సిద్ధంగా ఉంది. ప్రార్థన అతణ్ణి సోమరిని చేయలేదు. అతని ప్రణాళికను శుద్ధి చేసింది.

4వ అధ్యాయములో శత్రువులు బెదిరించినప్పుడు కూడా అంతే. దేవునికి ప్రార్థించారు, రాత్రింబగళ్ళు కావలి కూడా పెట్టారు. ఈ రెండు పనులు ఒకే వచనములో ఉన్నాయి (4:9). వార్డులో రాత్రి డ్యూటీ చేసే సిస్టర్లకు ఈ వచనము బాగా అర్థమవుతుంది. డ్యూటీ ఎక్కేముందు ప్రార్థన చేసుకుంటారు, తరువాత గంట గంటకూ నాడి చూస్తారు.

4. ఒంగోలు కొండ మీద అయిదుగురు

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. అమెరికా బాప్టిస్టు మిషనువారు తెలుగువారి మధ్య పని 1836లో మొదలుపెట్టారు. నెల్లూరు కేంద్రముగా ఎంత ప్రయాసపడినా ఫలితం చాలా తక్కువ. 1853లో అమెరికాలో జరిగిన వారి మహాసభలో ఈ తెలుగు మిషనును మూసివేద్దామా అన్న మాట వచ్చింది. పటములో ఒంటరిగా ఉన్న ఈ మిషనుకు "ఒంటి నక్షత్రం" అనే పేరు అప్పుడే వచ్చింది. లెక్కలు చూసేవారికి మూసివేయడమే తెలివైన పనిగా తోచింది. చివరకు మూయకుండా కొనసాగించారు.

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదకు అయిదుగురు ఎక్కారు. మిషనరీ లైమన్ జువెట్ దొరగారు, ఆయన భార్య, వారితో నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. క్రింద కనబడుతున్న గ్రామాలను చూస్తూ, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. వారి చేతిలో డబ్బు లేదు, స్థలము లేదు, మనుషులు లేరు. ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పేరుతో ఆ కొండ నేటికీ ప్రసిద్ధి.

జవాబు మరునాడు రాలేదు. పన్నెండేళ్ళ తరువాత, 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘము ఏర్పడింది.

క్లౌగారు యౌవనములో అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేశారు. లాయరు కావాలన్నది ఆయన సొంత ఆశ. దేవుని పిలుపు వచ్చినప్పుడు ఆ ఆశను పక్కన పెట్టారు. అయితే 1876–78 మధ్య దక్షిణ దేశములో ఘోరమైన కరువు వచ్చినప్పుడు, ఆ పాత సర్వే విద్యే పనికి వచ్చింది. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ తవ్విస్తుండగా, అందులో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టును క్లౌగారు తీసుకున్నారు. వేలమంది ఆకలిగొన్నవారికి కూలి దొరికింది, కూలితో గంజి దొరికింది. బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. దేవుని కోసం విడిచిపెట్టామనుకున్నదాన్ని దేవుడు పారేయలేదు, దాచి ఉంచి అవసరమైన రోజున బయటికి తీశాడు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. కరువు కాలములో బాప్తిస్మము ఇమ్మని ఎందరో అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌగారు సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. సంఖ్య పెంచుకోవాలన్నదే ఆయన పథకమైతే అంతకన్నా మంచి అవకాశం ఇంకొకటి లేదు. ఆయన ఆగారు. కరువు సహాయము ముగిసిన తరువాత కూడా ప్రజలు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనుషుల లెక్కలో మూసివేయవలసిన మిషనుకు దేవుని లెక్కలో అంత ఫలము ఉంది.

5. గుంటూరు డాక్టరమ్మ

ఆసుపత్రి సేవలో ఉన్న మాకు ఇంకా దగ్గరైన ఉదాహరణ డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు. ఆమె 1879లో అమెరికాలో వైద్య విద్య ముగించారు. భారతదేశములో స్త్రీలకు వైద్యము చేయాలన్నది ఆమె కోరిక. అయితే ఆమెను పంపవలసిన లూథరన్ మిషను బోర్డువారు వైద్య సేవ మొదలుపెట్టడానికి ఆ సమయములో సిద్ధంగా లేరు. స్త్రీల మధ్య, బాలికల బడులలో పనిచేయడానికైతే పంపుతామన్నారు.

ఆమె ఎదుట రెండు దారులు ఉన్నాయి. "నేను డాక్టరును, బడి పని నాకెందుకు?" అని ఇంటి దగ్గరే ఉండిపోవచ్చు. లేదా పిలిచినవాడు దేవుడైతే తలుపు కూడా ఆయనే తెరుస్తాడని బయలుదేరవచ్చు. ఆమె బయలుదేరారు. 1883లో గుంటూరు చేరి, అప్పగించిన బడి పని చేస్తూనే, అడిగినవారికి వైద్యము కూడా చేస్తూ వచ్చారు. అవసరము ఎంత గొప్పదో బోర్డువారికి అర్థమై, 1885లో ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరవబడింది. 1930లో తుది శ్వాస విడిచేదాకా ఆమె గుంటూరుకే అంకితమై ఉన్నారు.

ఆమె తన ప్రణాళికను పారేయలేదు. దేవుని చేతిలో పెట్టారు. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. పారేసినవాడు నిరాశపడి కూర్చుంటాడు. అప్పగించినవాడు ఈ రోజు చేతికి వచ్చిన పని చేస్తూ ఎదురు చూస్తాడు.

6. మన ఇంట్లో, మన వార్డులో

ఈ పాఠము జబ్బు సమయములో ఎలా ఆచరించాలి? బొల్లారం నుంచి, లాలాగూడ నుంచి, తిరుమలగిరి నుంచి, ఇంకా జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు మమ్మల్ని అడిగే ప్రశ్నలనే ఇక్కడ తీసుకుంటున్నాము.

మందులు: ప్రార్థన తరువాత మందులు మానవచ్చునా? డాక్టరుగారు చెప్పేవరకు మానకూడదు. టీబీ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతుంది. నయమైపోయిందని మానేస్తే లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగని టీబీగా మారవచ్చు. అది ఇంట్లో పిల్లలకు కూడా అంటుకుంటుంది. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తారు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదముంది. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజులలోనే ప్రాణము మీదకు వస్తుంది.

"ప్రభువు నన్ను ముట్టాడు, నాకు తగ్గింది" అనే సాక్ష్యము మాకు సంతోషమే. అయితే ప్రభువు కుష్ఠరోగులను బాగుచేసినప్పుడు ఏమి చెప్పాడు? వెళ్ళి యాజకునికి కనబరచుకోమన్నాడు (లూకా 17:14). ఆనాటి ధర్మశాస్త్రము ప్రకారము చర్మమును పరీక్షించి శుద్ధుడని చెప్పవలసినవాడు యాజకుడే. స్వస్థపరచిన ప్రభువు పరీక్షకు భయపడలేదు. కాబట్టి తగ్గిందనుకుంటే పరీక్ష చేయించుకోండి. నిజముగా తగ్గితే డాక్టరుగారే మందు తగ్గిస్తారు.

ఉపవాస ప్రార్థన: ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు, ముఖ్యముగా నలభై దినముల ఉపవాస కాలములో, కొన్ని వారాల ముందే డాక్టరుగారితో మాట్లాడాలి. మందు మోతాదు, వేళ మార్చవలసి ఉంటుంది. మాత్ర మామూలుగా వేసుకొని తిండి మానితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, మాట తడబడడం దాని గుర్తులు. షుగరు 70 కన్నా తగ్గితే ఉపవాసము వెంటనే ఆపాలి. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగాలి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవారు తిండి మానడం మంచిది కాదు. యెషయా 58వ అధ్యాయము చదవండి. ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టడమే దేవునికి ఇష్టమైన ఉపవాసమని అక్కడ ఉంది. తిండి మానలేనివారు ఆ ఉపవాసము చేయవచ్చు. టీవీ, సెల్‌ఫోన్ కట్టేసి ఆ గంట ప్రార్థనకు ఇవ్వవచ్చు.

ఆపరేషన్: ఆపరేషన్ అన్న మాట వినగానే ముందు భార్యాభర్తలిద్దరూ కలిసి ప్రార్థన చేయండి. తరువాత నెహెమ్యా లాగా ఒక కాగితం తీసుకోండి. ఈ ఆపరేషన్ ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉన్నదా, ఖర్చు ఎంత, ఎన్ని రోజులకు పనిలోకి వెళ్ళవచ్చు అని రాసుకొని అడగండి. ఇంకొక డాక్టరుగారి అభిప్రాయము తీసుకోవడం తప్పు కాదు. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ముఖ్యముగా రక్తం పలుచన చేసే మాత్రలు, పడని మందులు ఏమున్నాయో దాచకుండా చెప్పండి. ప్రమాదములో, ప్రాణాపాయములో మాత్రం ప్రార్థన అంబులెన్సులోనే చేయండి, ఆలస్యము చేయకండి. నెహెమ్యా రాజు ఎదుట చేసిన ప్రార్థన ఎంత చిన్నదో గుర్తు పెట్టుకోండి.

సంఘస్థులకు ఒక మనవి. ఆపరేషన్ రోజున ప్రార్థన చేయడానికి పదిమంది వస్తారు, చాలా సంతోషము. ఆ పదిమందిలో ఇద్దరు రక్తము ఇస్తే, ఒకరు ఆ ఇంటి పిల్లలకు క్యారియరు పంపిస్తే, ఆ ప్రార్థనకు కాళ్ళూ చేతులూ వచ్చినట్టే.

ప్రసవము: గర్భము నిలిచిన రోజు నుంచే ప్రార్థించండి. దానితోపాటు ఏ ఆసుపత్రిలో కాన్పు, అర్ధరాత్రి నొప్పులు వస్తే బండి ఎవరిది, రక్తము ఏ గ్రూపు, తోడు ఎవరు వస్తారు అనే నాలుగు సంగతులు ఎనిమిదవ నెలలోపు తేల్చుకోండి. ఒళ్ళంతా వాపు, విపరీతమైన తలనొప్పి, రక్తస్రావము, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి.

7. మనం కోరిన జవాబు రాకపోతే

ఇది వార్డులో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ముందే ప్రార్థించారు, మంచి వైద్యము చేయించారు, ఉన్నదంతా ఖర్చుపెట్టారు. అయినా మనిషి దక్కలేదు. అప్పుడు మంచము పక్కకు వచ్చినవారిలో ఎవరో ఒకరు "మీ విశ్వాసము చాలలేదేమో" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. గుడ్డివాడిని చూపించి ఎవరి పాపమిది అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే త్రోసివేశాడు (యోహాను 9:2, 3).

పౌలు ఎంతోమందిని స్వస్థపరిచాడు. అయినా త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్ళవలసి వచ్చింది (2 తిమోతి 4:20). తిమోతి తరచుగా జబ్బు పడుతుంటే కడుపు కోసం ఏమి పుచ్చుకోవాలో సలహా రాశాడు (1 తిమోతి 5:23). తన శరీరములోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది. గెత్సేమనేలో మన ప్రభువు కూడా గిన్నె తొలగించమని అడిగి, చివరకు తండ్రి చిత్తమునకే లోబడ్డాడు.

దేవుణ్ణి ముందు వెదకడమంటే మన ప్రణాళిక మీద ఆయన సంతకం తీసుకోవడం కాదు. కాగితాన్ని ఆయన చేతికి ఇచ్చి, కొట్టివేసే హక్కు కూడా ఆయనకే ఇవ్వడం. అలా ఇచ్చినవారు దుఃఖపడరని మేము చెప్పము. దుఃఖపడతారు. కాని ఒంటరిగా దుఃఖపడరు. జబ్బు నయము కాదని తేలినప్పుడు కూడా చేయవలసిన పనులు ఉంటాయి. నొప్పి లేకుండా చూడడం, ఇష్టమైనవారిని పిలిపించడం, మాటలు లేని అన్నదమ్ములను కలపడం, ఇంటి కాగితాలు సరిచేయడం. నొప్పికి మందులు ఉన్నాయి, అడగండి. అడగడం బలహీనత కాదు. ఆ చివరి రోజులలో కూడా "ప్రభువా, ఈ రోజు మేమేమి చేయాలి?" అని అడిగిన కుటుంబాలు శాంతితో వెళ్ళడం మేము చూశాము.

ఇంట్లో కలిసి ఆలోచించడానికి ప్రశ్నలు

1. గత సంవత్సరములో మన ఇంట్లో తీసుకున్న పెద్ద నిర్ణయము ఏది? చదువు, పెళ్ళి సంబంధము, ఇల్లు, వైద్యము, ఏదైనా సరే. దాని గురించి ప్రార్థన ముందు చేశామా, తరువాత చేశామా?
2. ఆసా జబ్బు, హిజ్కియా జబ్బు రెండూ చదవండి. ఇద్దరి మధ్య తేడా ఏమిటి?
3. డాక్టరుగారికి చెప్పకుండా మన ఇంట్లో ఎవరైనా మందులు మానేశారా? ఈ వారములో వారిని ఓపీకి ఎవరు తీసుకువస్తారు?
4. అన్నా కుగ్లర్ అమ్మగారి స్థానములో మనము ఉంటే ఏమి చేసేవారము? మనము దేవునికి అప్పగించకుండా గట్టిగా పట్టుకొని ఉన్న ఆశ ఏది?
5. మన సంఘములో ఆసుపత్రిలో ఉన్న ఒక కుటుంబానికి ప్రార్థనతోపాటు ఇంకేమి సహాయము చేయగలము?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా రేపటి దినము మాకంటే ముందు నీకు తెలుసు. మేము తొందరపడి వేసుకున్న పథకాలను నీ పాదముల దగ్గర పెడుతున్నాము. ఉంచవలసినవి ఉంచుము, తీసివేయవలసినవి తీసివేయుము. మందులను, వాటిని కనుగొన్నవారిని, డాక్టర్లను, నర్సులను నీ దానముగా స్వీకరించే వివేకము మాకు దయచేయుము. ఈ రాత్రి మంచము మీద మెలకువగా ఉన్నవారికి, వారి పక్కన నేల మీద చాప వేసుకొని పడుకున్నవారికి నీ సమాధానము అనుగ్రహించుము. ముందు నిన్ను అడిగి, తరువాత అడుగు వేసే అలవాటు మా పిల్లలకు కూడా నేర్పుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామములో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.